నడుము నొప్పికి కొత్త పరుపా? చేత్తో నొక్కి కాదు, పడుకుని చూసి కొనండి

నమస్తే అండి. పరుపుల షాపులోకి వెళ్లి "నడుము నొప్పి" అన్నామంటే చాలు, సేల్స్ అబ్బాయి నేరుగా 'ఆర్థో' అని రాసి ఉన్న పరుపు దగ్గరికి తీసుకెళ్తాడు. దాన్ని చేత్తో రెండుసార్లు నొక్కుతాం, అంచు మీద కూర్చుంటాం, "గట్టిగానే ఉందిలే" అనుకుని డబ్బు కట్టేస్తాం. ఇరవై వేలో ముప్పై వేలో పెట్టి, ఏళ్ల తరబడి పడుకోబోయే వస్తువును ఒక్కసారి కూడా పడుకోకుండానే కొంటాం. ఈ వీడియోలో దాన్ని పడుకుని ఎలా పరీక్షించాలో చేసి చూపిస్తాను. అంతకంటే ముందు, మీకు అసలు కొత్త పరుపు కావాలో అక్కర్లేదో చూద్దాం.

రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉండి, పొద్దున లేచేసరికి నడుం పట్టేసి, అటూ ఇటూ నాలుగు అడుగులు వేశాక వదిలేస్తోందా? అయితే పరుపును అనుమానించవచ్చు. చుట్టాలింటికో ఊరికో వెళ్లి వేరే మంచం మీద పడుకున్నప్పుడు హాయిగా లేస్తున్నారంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. అలా కాకుండా పొద్దున బాగుండి, ఆఫీసు కుర్చీలో కూర్చున్నాకో, బండి మీద గతుకుల రోడ్డు దాటాకో సాయంత్రానికి నొప్పి మొదలవుతుంటే పరుపు మారిస్తే ఏం లాభం? ఆ డబ్బుతో ముందు మంచి కుర్చీ కొనుక్కోండి.

ఇంకో రకం ఉంది, దీన్ని జాగ్రత్తగా వినండి. వయసు నలభై అయిదు లోపు, పొద్దున పట్టేసిన నడుం అరగంట దాటినా వదలదు, విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంది, తిరుగుతుంటే తగ్గుతుంది, ఇలా మూడు నెలలకు పైగా సాగుతోంది. ఇది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ లాంటి కీళ్ల జబ్బు కావచ్చు. దీన్ని రుమటాలజిస్టుకు, అంటే కీళ్ల జబ్బుల డాక్టరుకు చూపించాలి. ఈ నొప్పి ఉన్నవాళ్లే ఒకదాని తర్వాత ఒకటి పరుపులు మారుస్తూ ఏళ్లు గడిపేస్తుంటారు. ఇక కాలు బలహీనపడటం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం మీద పట్టు తప్పడం, నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కిందపడ్డాక మొదలైన నొప్పి — వీటిలో ఏది ఉన్నా ఈ వీడియో ఇక్కడే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సరే, అనుమానం పరుపు మీదే ఉందనుకుందాం. దుప్పటి తీసేయండి. ఇదిగో, ఇలా ఒక దారం తీసుకుని పరుపు ఈ అంచు నుంచి ఆ అంచుకు బిగుతుగా లాగి పట్టుకోండి. దారానికీ పరుపుకీ మధ్య సందు చూడండి. నడుము వచ్చే చోట ఒకటిన్నర అంగుళం లోతు గుంట కనిపిస్తోందంటే ఆ పరుపు పని అయిపోయినట్టే.

అయితే ఆగండి, పరుపును పక్కకు జరిపి కింద మంచం కూడా చూడండి. నవారు వదులైన మంచం మీద లక్ష రూపాయల పరుపు వేసినా ఉయ్యాలలో పడుకున్నట్టే ఉంటుంది. కాట్‌లో ప్లైవుడ్ మధ్యలో వంగిపోయి ఉండొచ్చు, అడ్డపట్టీల మధ్య సందులు మరీ ఎక్కువ ఉండొచ్చు. ఫోమ్ పరుపుకైతే ఆ సందులు మూడు అంగుళాలు దాటకపోవడం మంచిది. చాలా ఇళ్లలో కొత్త ప్లైవుడ్ ముక్క వేస్తే సగం గొడవ తీరిపోతుంది. పరుపును తల వైపుది కాళ్ల వైపుకు తిప్పి వారం రోజులు చూడండి. దూది పరుపైతే విప్పించి దూది ఏకించి మళ్లీ కుట్టిస్తే ముద్దలన్నీ పోతాయి. ఇప్పుడు ఏకేవాళ్లు దొరకడమే కష్టమనుకోండి.

ఇవన్నీ చేసినా మార్పు లేకపోతే షాపుకు బయల్దేరదాం.

మన ఇళ్లలో నడుము నొప్పి అనగానే పెద్దవాళ్లు చెప్పేది ఒకటే: "నేల మీద చాప వేసుకుని పడుకో." ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదన్న నమ్మకం చాలా కాలం డాక్టర్లలోనూ ఉండేది. దీన్ని స్పెయిన్‌లో పరీక్షించి చూశారు. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. పడుకున్నప్పుడూ లేచేటప్పుడూ నడుము నొప్పి ఉండే 313 మందిని తీసుకుని, కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా ఉండే పరుపు ఇచ్చారు. ఏది ఎవరికి ఇచ్చారో వాళ్లకు చెప్పలేదు. 90 రోజుల తర్వాత చూస్తే, మంచం మీద నొప్పిలోనూ, లేచేటప్పటి నొప్పిలోనూ, రోజువారీ పనుల్లో ఇబ్బందిలోనూ మధ్యస్థం పరుపు వాళ్లకే ఎక్కువ మేలు కనిపించింది.

కాబట్టి మీరు వెతకాల్సింది మీడియం ఫర్మ్. అందరికీ ఒకే మీడియం అని కాదు. నలభై అయిదు కిలోల మనిషికి గట్టిగా తగిలే పరుపు తొంభై కిలోల మనిషికి మెత్తగా కుంగుతుంది. పరుపు మీద ఉన్న లేబుల్‌కు మీ బరువు తెలియదు కదా. 'ఆర్థో', 'ఆర్థోపెడిక్' అన్న మాటలు కంపెనీలు అమ్మకాల కోసం పెట్టుకునేవి. ఒక కంపెనీ ఆర్థో చెక్కలా ఉంటే, ఇంకో కంపెనీ ఆర్థో మెత్తగా ఉంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. షాపుకు ఒక్కరే వెళ్లకండి, ఇంట్లోవాళ్లను ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. బిగుతు జీన్స్ వద్దు. ఆడవాళ్లకు చీర కంటే చుడీదార్ నయం. చెప్పులు విప్పి, మీరు ఇంట్లో ఏ భంగిమలో నిద్రపోతారో అలాగే పడుకోండి. చూడండి, నేను ఇలా పక్కకు తిరిగి పడుకున్నాను. వెనక నుంచి ఫోన్‌తో ఫొటో తీయమనండి. మెడ నుంచి నడుము కింది వరకు వెన్నెముక తిన్నగా ఒక గీతలా ఉందా? తుంటి లోపలికి దిగబడి నడుము కిందికి వంగిందంటే పరుపు మీకు మెత్తనిది. భుజం లోపలికి దిగక, నడుము కింద ఖాళీ మిగిలిందంటే గట్టిది. అన్నట్టు, తలకింద దిండు పెట్టుకునే ఫొటో తీయించండి. షాపులో ఇచ్చే దిండు మీ ఇంటి దిండంత ఎత్తు ఉండదు, వీలైతే మీదే పట్టుకెళ్లండి. నవ్వితే నవ్వనివ్వండి.

వెల్లకిలా పడుకునేవాళ్లు నడుం కింద అరచెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి అటు నుంచి ఇటు సులువుగా దూరిపోయి ఇంకా ఖాళీ ఉంటే పరుపు గట్టిది. అసలు దూరకపోతే మీరు కుంగిపోయారని అర్థం. కాస్త ఒరుసుకుంటూ వెళ్తే సరిపోయినట్టు. బోర్లా పడుకునేవాళ్లకు మెత్తటి పరుపు అస్సలు పనికిరాదు, పొట్ట కిందికి దిగి నడుము విల్లులా వంగుతుంది.

ప్రతి పరుపు మీదా కనీసం పదినిమిషాలు. ఇది మొహమాటపడే చోటు కాదు. మొదటి రెండు నిమిషాలు ఏ పరుపైనా హాయిగానే ఉంటుంది, తేడా ఆ తర్వాతే తెలుస్తుంది. దంపతులైతే ఇద్దరూ కలిసి పడుకుని, ఒకరు అటూ ఇటూ దొర్లండి. రెండోవాళ్లకు ఆ కదలిక తెలుస్తుంటే రాత్రంతా అదే తంతు.

రకాల గురించి కొంచెం. కొబ్బరి పీచు పరుపు గట్టిగా ఉంటుంది, గాలి బాగా ఆడుతుంది, ధర తక్కువ. కాకపోతే ఏళ్లు గడిచేకొద్దీ కుంగుతుంది. పాకెట్ స్ప్రింగ్‌లో ఒక్కో స్ప్రింగ్ విడివిడిగా గుడ్డ సంచిలో ఉంటుంది కాబట్టి పక్కవాళ్ల కదలిక తక్కువ తెలుస్తుంది. అన్ని స్ప్రింగులూ కలిపి కట్టిన పాతరకం చౌకే కానీ, అందులో ఒకరు కదిలితే ఇద్దరూ కదలాల్సిందే. లేటెక్స్, అంటే రబ్బరు ఫోమ్ బాగుంటుంది, బరువూ ధరా కూడా ఎక్కువే.

మెమరీ ఫోమ్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. "నాసా టెక్నాలజీ సార్" అంటారు. అబద్ధం కాదు, 1960లలో నాసా కోసం తయారైందే. అయితే అది విమానం సీట్ల కోసం, నడుము నొప్పి కోసం కాదు. దాని గుణమేంటంటే వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. ఏసీ షోరూములో మీడియంగా అనిపించిన పరుపు, మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో ఇంకా మెత్తగా కుంగుతుంది, పైగా ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. ఏసీ లేని ఇంటికి అచ్చం మెమరీ ఫోమ్ పరుపు వద్దనే నేను చెబుతాను. గట్టి ఫోమ్ మీద పైన రెండు అంగుళాల పొరలా ఉంటే ఫర్వాలేదు.

డెన్సిటీ గురించి ఒక్క మాట. "ఇది 40 డెన్సిటీ, అందుకే గట్టిది" అంటే నమ్మకండి. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోల బరువు ఉంటుందన్న లెక్క. ఫోమ్ ఎన్నాళ్లు కుంగకుండా ఉంటుందో అది చెబుతుంది, గట్టిదనాన్ని కాదు. గట్టిదనాన్ని పైన పడుకుని చూడాల్సిందే.

కొలతలు కాట్ లోపలివైపు తీసుకోండి. వడ్రంగితో చేయించిన కాట్లు షాపు సైజులకు సరిగ్గా సరిపోవు, 75 అంగుళాల కాట్‌లో 78 అంగుళాల పరుపు పట్టదు. అలాంటప్పుడు ఆర్డర్ ఇచ్చి చేయించుకోవాలి. ఆర్డర్ సైజులను చాలా చోట్ల వాపసు తీసుకోరు, అడిగి తెలుసుకోండి.

ఆన్‌లైన్‌లో కొంటే పడుకుని చూసే వీలు లేదు కాబట్టి ట్రయల్, అంటే కొన్నాళ్లు వాడి నచ్చకపోతే వెనక్కి ఇచ్చే వీలు ఉన్నదే తీసుకోండి. కొన్ని కంపెనీలు వంద రాత్రుల ట్రయల్ ఇస్తాయి. షరతులు చదవండి: వెనక్కి తీసుకెళ్లే ఖర్చు ఎవరిది, డబ్బు ఇస్తారా లేక వేరే పరుపు ఇస్తారా. వారంటీ కాగితంలో గుంట ఎంత లోతు ఉంటే లోపంగా ఒప్పుకుంటారో కూడా చూడండి. మరకలు పడితే వారంటీ పోయే షరతు చాలా కంపెనీల్లో ఉంటుంది, కాబట్టి మొదటి రోజే కవర్ తొడగండి.

చుట్టి వచ్చిన ఫోమ్ పరుపు పూర్తిగా విచ్చుకోవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. వాసన పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచండి. మొదటి రెండు మూడు వారాలు ఒళ్లు కొత్తగా ఉందని మారాం చేస్తుంది, అది మామూలే. పక్కకు తిరిగి పడుకునేవాళ్లు మోకాళ్ల మధ్య, వెల్లకిలా పడుకునేవాళ్లు మోకాళ్ల కింద ఒక దిండు పెట్టుకుంటే ఈ రోజులు సులువుగా గడుస్తాయి. నెల దాటినా పొద్దున నడుం అలాగే పట్టేస్తుంటే, లేదా కొత్తగా భుజమో తుంటో నొప్పి పుడుతుంటే సర్దుకుపోకండి. ట్రయల్ ముగిసే తేదీకి పదిరోజుల ముందు ఫోన్‌లో ఒక రిమైండర్ పెట్టుకోండి, ఆ రోజున ఉంచుకోవాలో పంపించేయాలో తేల్చేయండి.