బీ-ఫారం మన చేతికొచ్చిన రాత్రి

అందరికీ నమస్కారం.

వెనక బల్ల దగ్గర ఓటరు నమోదు కాగితాలు నింపుతున్నవాళ్ళు నింపుతూనే వినండి, పర్వాలేదు. కొత్తగా అమెరికా సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళకి, పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ ఎన్నిక గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను రాజకీయాలు చదువుకున్నదాన్ని కాదు. హ్యూస్టన్ పక్కనే షుగర్‌ల్యాండ్‌లో ఉంటాను, ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా చేస్తాను. 2018లో నాకు పౌరసత్వం వచ్చింది. 2020లో మొదటిసారి ప్రెసిడెంట్ ప్రైమరీలో ఓటేశాను. ఆ ఓటు ఎవరికెయ్యాలో తేల్చుకోడానికి ఒక రాత్రి టీవీ ముందు మూడు గంటలు కూర్చున్నాను. ఆ రాత్రి పది మంది అభ్యర్థులను చూసి నాకేమనిపించిందో చెప్తాను.

తెనాలిలో ఉన్న మా నాన్నగారికి ఫోన్లో ఈ ప్రైమరీ గొడవ అర్థమయ్యేలా చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. ఒకే పార్టీవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు అలా విరుచుకుపడుతుంటే పార్టీ పరువేం కావాలని ఆయన బాధ. చెప్పగా చెప్పగా చివరికి ఆయనే తేల్చారు: "అంటే బీ-ఫారం ఎవరికివ్వాలో జనాన్నే అడుగుతున్నారన్నమాట!" అంతే. మన ఊళ్ళో నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల దాకా టిక్కెట్టు ఎవరికో తెలియక కార్యకర్తలు టెన్షన్ పడుతుంటారు. పార్టీ పెద్దలు సంతకం పెట్టిన బీ-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్ళే అభ్యర్థి. మనం వేసే ఓటు ఆ తర్వాతి సంగతి. ఇక్కడ ఆ బీ-ఫారంలో నాకూ ఒక పిసరు వాటా ఉంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

2019 సెప్టెంబర్ 12, గురువారం. డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థుల చర్చ మన హ్యూస్టన్‌లోనే, టెక్సస్ సదరన్ యూనివర్సిటీలో పెట్టారు. మా ఇంటికి అరగంట దూరం. అంతకు ముందు జూన్‌లో మయామీలో ఇరవై మందిని రెండు రాత్రులుగా విడగొట్టి నిలబెట్టారు. ఎవరేం మాట్లాడారో గుర్తుపెట్టుకోవడమే కష్టమైంది. హ్యూస్టన్ వచ్చేసరికి లక్షా ముప్ఫై వేల మంది దాతలు, నాలుగు సర్వేల్లో 2 శాతం మద్దతు ఉండాలని షరతు పెట్టారు. దాంతో పది మంది మిగిలారు. ఒక్కో జవాబుకి ఒకటింబావు నిమిషం, ఎదురు చెప్పడానికి 45 సెకన్లు.

నేను మా పాప స్కూలు నోటుబుక్కు ఒకటి తీసుకుని మూడు గళ్ళు గీశాను. మొదటి గడిలో అడిగిన ప్రశ్న, రెండో గడిలో చెప్పిన జవాబు, మూడో గడిలో చెప్పకుండా దాటేసినది. ఆ మూడో గడి పెట్టడం నేను చేసిన మంచి పని అనుకుంటాను. చర్చ అయ్యేసరికి అన్నిటికంటే అదే ఎక్కువ నిండింది.

ఆ చర్చలో అందరూ మర్నాడు మాట్లాడుకున్నది ఒబామా మంత్రివర్గంలో పనిచేసిన హూలియన్ కాస్ట్రో, మాజీ ఉపాధ్యక్షుడు జో బైడెన్‌ల గొడవ. ఆరోగ్య బీమా గురించి బైడెన్ తన పథకం చెప్తుంటే కాస్ట్రో అడ్డుపడి, రెండు నిమిషాల కిందట అన్నది అప్పుడే మరిచిపోయారా అన్నారు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. బైడెన్‌కి అప్పటికి 76 ఏళ్ళు. ఆ మాట ఎక్కడ తగలాలని అన్నారో అందరికీ తెలుసు. మావారు సోఫాలోంచి లేచి "దెబ్బ కొట్టాడు" అన్నారు. నాకూ ఆ క్షణంలో అలాగే అనిపించింది, దాచను. తర్వాత ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్ళీ చూశాం, ఒకటికి రెండుసార్లు. బైడెన్ కొనుక్కోవచ్చు అన్న మాట అన్నారు, కట్టుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళు ఏమీ చెయ్యకుండానే అందులో చేరిపోతారనీ అన్నారు. అంటే కాస్ట్రో సగం విని కొట్టారు. చిన్నప్పుడు మా వీధిలో పెద్దవాళ్ళ మీద ఎవరైనా నోరు పారేసుకుంటే మా నాయనమ్మ "మాట మీద మాట్లాడు, మనిషి మీద కాదు" అనేది. ఆవిడ గుర్తొచ్చింది. ఆ రాత్రితో కాస్ట్రో మీద నాకున్న అభిమానం పోయింది. అదే మనిషి మయామీలో వలస చట్టం గురించి ఎంత శ్రద్ధగా మాట్లాడారో విన్నాను కాబట్టి బాధ కూడా వేసింది.

బైడెన్ కూడా నన్ను కంగారు పెట్టారు. బానిసత్వం మిగిల్చిన అన్యాయాల గురించి అడిగితే టీచర్ల జీతాల దగ్గర మొదలుపెట్టి, పిల్లలు మాటలు వినాలంటే రాత్రిపూట రికార్డు ప్లేయర్ పెట్టమనే దాకా వెళ్ళిపోయారు. నా రెండో గడిలో ఏం రాయాలో తెలియలేదు. ప్రశ్న ఒక ఊరికి పోతుంటే జవాబు ఇంకో ఊరికి పోయింది.

ఆరోగ్య బీమా దగ్గర నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఎందుకంటే కౌంటర్ దగ్గర ఇన్సులిన్ ధర విని, కాసేపు ఆలోచించి, "ఈ నెలకి వద్దులెండి" అని సంచీ వెనక్కి జరిపేవాళ్ళను నేను కళ్ళారా చూస్తుంటాను. వెనక్కి జరిపేటప్పుడు వాళ్ళు మన మొహం చూడరు. కాబట్టి ఈ విషయంలో ఎవరైనా మెలికలు తిరిగితే నాకు కోపం వస్తుంది. సెనేటర్ ఎలిజబెత్ వారెన్‌ని సూటిగా అడిగారు: అందరికీ ప్రభుత్వ బీమా అనే మీ పథకానికి మధ్యతరగతి మీద పన్ను పెరుగుతుందా? మొత్తం ఖర్చు తగ్గుతుంది అన్నారు ఆవిడ. లెక్క ప్రకారం అది తప్పు కాకపోవచ్చు. కానీ అడిగింది పన్ను గురించి. అందరిలోకీ శ్రద్ధగా పాఠం చెప్పే టీచరులాంటి మనిషి, ఆ ఒక్క ప్రశ్నకి అవుననీ కాదనీ అనలేదు. బెర్నీ శాండర్స్ గొంతు ఆ రోజు పూర్తిగా బొంగురుపోయింది. అయినా మొదటినుంచీ చెప్తున్నదే చెప్పారు. ఆయనతో నేను అన్నిటికీ ఒప్పుకోను గానీ మూడో గడిలో ఆయన పేరు మీద రాయడానికి నాకేమీ దొరకలేదు.

ఇక కమలా హారిస్. ఆవిడ తల్లి శ్యామలా గోపాలన్ చెన్నై నుంచి వచ్చిన ఆవిడ. ఆ ఏడాది గుళ్ళో ప్రసాదం దగ్గర కూడా "మన అమ్మాయి" అన్న మాటే. మయామీలో ఆవిడ తన చిన్నతనంలో బర్క్‌లీలో నల్లజాతి, తెల్లజాతి పిల్లల్ని కలిపి చదివించడానికి నడిపిన బస్సు ఎక్కి వేరే స్కూలుకి వెళ్ళిన సంగతి చెప్పి, ఆ పద్ధతిని ఒకప్పుడు వ్యతిరేకించిన బైడెన్‌ని నిలదీసినప్పుడు నేను కళ్ళు తుడుచుకున్నాను. హ్యూస్టన్‌లో మాత్రం మొదట్లో ఒక్కొక్కరికీ మాట్లాడమని ఇచ్చిన ఒక్క నిమిషం మనకి వాడలేదు. ఎక్కడో టీవీ చూస్తున్న ట్రంప్‌తో మాట్లాడటానికి వాడారు. నేనిక్కడ ఉన్నాను కదా, నాతో మాట్లాడొచ్చు కదా అనిపించింది. ఇంకో వెలితి ఉంది. మనవాళ్ళు ఎంతమంది గ్రీన్‌కార్డు లైనులో ఏళ్ళ తరబడి కూర్చున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న నిబంధన తీసేసే బిల్లు ఆ జూలైలోనే ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. సెనేట్‌లో అలాంటి బిల్లుకే రిపబ్లికన్ మైక్ లీతో కలిసి పూనుకున్నది ఈవిడే. ఆ రాత్రి వేదిక మీద ఆ బిల్లు ఊసే వినిపించలేదు. అడిగినవాళ్ళు అడగలేదు, ఈవిడ ఎత్తలేదు.

ఆ లోటు కాస్త తీర్చింది వ్యాపారవేత్త ఆండ్రూ యాంగ్. మొదట్లో ఆయన పది కుటుంబాలకి ఏడాదిపాటు నెలకి వెయ్యి డాలర్లు ఇస్తానని ప్రకటించేసరికి ఇదేం లాటరీ అని విసుక్కున్నాను. ఓటుకి నోటు చూసి పెరిగినవాళ్ళం, మనకి అలాంటివి చూస్తే ఒళ్ళు మండుతుంది. కానీ వలసల ప్రశ్న వచ్చినప్పుడు, తన తండ్రి ఆసియాలో వేరుశనగ చేలో పెరిగారనీ, ఇక్కడికి స్టూడెంట్‌గా వచ్చి అరవైకి పైగా పేటెంట్లు సంపాదించారనీ చెప్పారు. వేరుశనగ చేను అనగానే మావారు రిమోట్ కింద పెట్టేశారు. వాళ్ళది అనంతపురం జిల్లా. ఆ తర్వాత చాలాసేపు ఆయన మాట్లాడలేదు.

టెక్సస్ నుంచి ప్రతినిధుల సభలో పనిచేసిన బెటో ఓరూర్క్ గురించి ఒక్క మాట. ఎల్ పాసోలో వాల్‌మార్ట్‌లో కాల్పులు జరిగి అప్పటికి నలభై రోజులు, అప్పటికే 22 మంది చనిపోయారు. అది ఆయన సొంత ఊరు. యుద్ధంలో వాడే తుపాకులు వెనక్కి తీసుకుంటామా అంటే తీసుకుంటాం అని కుండ బద్దలు కొట్టారు. టెక్సస్ గడ్డ మీద నిలబడి! ఈ మాటతో ఇక్కడ గెలవడు అన్నారు మావారు. తుపాకీతో ఎవరైనా చొరబడితే ఎలా దాక్కోవాలో నేర్పే లాక్‌డౌన్ డ్రిల్ మా పాప స్కూల్లో చేయించినప్పుడు బల్ల కింద ఎలా నక్కిందో చేసి చూపించింది నాకు. అందుకని ఆయన గెలుస్తాడా లేదా అన్న లెక్క నాకు ఆ క్షణంలో పట్టలేదు.

చర్చ మొదలై మూడు గంటలు కావస్తోంది. పాప నిద్రపోయింది. ఆఖరి ప్రశ్న వేశారు: మీ వృత్తి జీవితంలో తగిలిన పెద్ద ఎదురుదెబ్బ ఏమిటి, దాని నుంచి ఎలా లేచారు? బైడెన్ 1972లో కారు ప్రమాదంలో భార్యనీ చిన్న కూతుర్నీ పోగొట్టుకున్న సంగతి, 2015లో కొడుకు పోయిన సంగతి చెప్పారు. రికార్డు ప్లేయర్ తడబాటు నా మనసులోంచి పోయింది. పీట్ బూటజెజ్, సైన్యంలో పనిచేసిన మేయర్, తాను గే అన్న నిజాన్ని ఎన్నికల ఏడాదిలోనే బయటపెట్టడం ఎంత భయంగా ఉండిందో చెప్పారు.

అప్పటిదాకా నా పుస్తకంలో ఎమీ క్లోబుషార్ పేరు ఎదురుగా పెద్దగా ఏమీ లేదు. మిన్నెసోటా సెనేటర్. ఆఫీసులో సిబ్బందితో కటువుగా ఉంటారని పత్రికల్లో చదివాను కాబట్టి కొంచెం చిన్నచూపే ఉంది. ఆవిడ తన కూతురు పుట్టినప్పటి సంగతి ఎత్తారు. బిడ్డ మింగలేకపోతోంది, ఇంటెన్సివ్ కేర్‌లో ఉంది. తల్లిని మాత్రం అప్పటి రూలు ప్రకారం 24 గంటలకే బయటికి పంపేశారు. అప్పటికి ఆవిడ ఏ పదవిలోనూ లేరు. ఉత్త తల్లిగా వెళ్ళి రాష్ట్ర చట్టసభ గడప తొక్కారు. తల్లికీ బిడ్డకీ 48 గంటలు ఆసుపత్రిలో ఉండే హక్కు కావాలని పోరాడారు. చట్టం అమలు వాయిదా వెయ్యాలని చూస్తే నిండు గర్భిణులను వెంటబెట్టుకెళ్ళి సమావేశంలో కూర్చోబెట్టారు. ఎప్పటి నుంచి అమలు చెయ్యాలి అని అడిగితే ఆ గర్భిణులంతా చేతులెత్తి "ఇప్పుడే" అన్నారట.

మా పాప ఏడో నెలలో పుట్టింది. 29 రోజులు అద్దాల పెట్టెలో ఉంది. నన్ను రెండు రోజులు ఉంచి పంపారు. మూడో రోజు చక్రాల కుర్చీలో లిఫ్టు దగ్గరికి తీసుకెళ్తుంటే ఒడిలో బిడ్డ లేదు, ఇంటి నుంచి తెచ్చిన దుప్పటి మాత్రం ఉంది. ఆ రెండు రోజులు కూడా ఊరికే రాలేదని నాకు ఆ రాత్రి తెలిసింది. 1996లో దేశమంతటికీ 48 గంటల చట్టం వచ్చింది. అంతకు ముందు ఒక్కో రాష్ట్రంలో ఇలాంటి తల్లులే చట్టాలు తెప్పించారు. నేను పడుకున్న మంచం వెనక ఎవరో చేతులెత్తిన గర్భిణులు ఉన్నారు.

ఆ కథ ఆవిడ వంద సభల్లో చెప్పి ఉంటారు, నాకు తెలుసు. కానీ అందులో కన్నీళ్ళు తీసేసినా ఒక చట్టం మిగిలింది. మర్నాడు వెతికి చూస్తే కనబడింది. అక్కడ నా మనసు స్థిరపడింది.

2020 ఫిబ్రవరి 18న ముందస్తు పోలింగ్ మొదలైంది. టెక్సస్‌లో ఓటరు నమోదులో పార్టీ పేరు ఉండదు, పోలింగ్ కేంద్రంలో ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడ చెప్పాలి. మొదటి వారంలోనే వెళ్ళి క్లోబుషార్‌కి వేసి వచ్చాను. మార్చి 2న, అసలు పోలింగ్‌కి ఒక్క రోజు ముందు, ఆవిడ పోటీ నుంచి తప్పుకున్నారు. అదే రాత్రి డల్లాస్ వచ్చి బైడెన్‌కి మద్దతు ప్రకటించారు. బూటజెజ్ ఒక రోజు ముందే తప్పుకున్నారు. ఓరూర్క్ కూడా ఆ రాత్రి డల్లాస్‌లోనే ఉన్నారు. నేను వేసిన ఓటు వెనక్కి తీసుకోడానికి లేదు. ఏడుపొచ్చింది. మావారు ఆఖరి రోజు దాకా ఆగారు కాబట్టి మర్నాడు తీరిగ్గా వెళ్ళి బైడెన్‌కి వేసొచ్చారు. టెక్సస్‌లో బైడెనే నెగ్గారు. కాబట్టి మీకు చెప్పేది, ముందస్తు ఓటు మంచిదే గానీ, పోటీ గట్టిగా ఉన్న ప్రైమరీలో అసలు పోలింగ్ రోజు దాకా ఆగడమే నయం. నాకు ఎవరూ చెప్పలేదు.

మార్చి 3 రాత్రి ఇంకో సంగతి జరిగింది. ఆ చర్చ పెట్టిన టెక్సస్ సదరన్ యూనివర్సిటీలోనే పోలింగ్ కేంద్రం ఉంది. మెషిన్లు చాలక లైను కదల్లేదు. ఒకాయన ఆరు గంటలకు పైగా నిలబడి, రాత్రి ఒంటిగంట దాటాక అందరిలోకీ ఆఖరున ఓటేశారు. టీవీలో ఆయన్ని చూశాను. ఆ పది మందికీ దీపాలు, మేకప్పు, కుర్చీలు వేసిన హాలు అమర్చిన చోటే, వాళ్ళలో ఒకరికి ఓటెయ్యడానికి వచ్చిన మనిషికి ఆరు గంటలు కాళ్ళు పీకాయి. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

నాన్నగారు ఫోన్లో "నీ ఓటు గంగలో కలిసిందా అమ్మా" అన్నారు. లెక్కల ప్రకారం కలిసినట్టే నాన్నగారూ, 15 శాతం రాకపోతే డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎంచే ప్రతినిధులు, రారు అన్నాను. "మరి ఈసారి?" అన్నారు. ఈసారి కూడా పుస్తకంలో మూడు గళ్ళు గీస్తానన్నాను.

మామూలుగా టెక్సస్‌లో ఓటరు నమోదు ఆన్‌లైన్‌లో కుదరదు. కాగితం నింపి సంతకం పెట్టి ఇవ్వాలి, అదీ ఎన్నికకి 30 రోజుల ముందే. కాగితాలు వెనక బల్ల మీద ఉన్నాయి. పెన్ను లేనివాళ్ళు నా దగ్గరికి రండి, నాలుగు తెచ్చాను.

నమస్కారం.