ఎల్‌డీఎల్ నార్మలే అన్నారు, మరి అపో బీ చూశారా?

నమస్కారమండీ. మా చిన్నాన్నకి 44 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. సిగరెట్ లేదు, మందు లేదు. నెల ముందు చేయించిన లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చూసి అందరం పర్లేదనే అనుకున్నాం. స్టెంట్ వేశాక ఆయన అడిగిన మొదటి మాట, "రిపోర్ట్ బాగానే ఉంది కదరా, మరి నాకెందుకొచ్చింది?" అని. దానికి జవాబు వెతుక్కుంటూ తెలుసుకున్నవే ఈరోజు చెప్తాను.

ఒక రిపోర్ట్ స్క్రీన్ మీద వేస్తున్నా, చూడండి. టోటల్ కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ అంటే మంచి కొలెస్ట్రాల్ 34, ట్రైగ్లిజరైడ్స్ అనే ఇంకో రకం కొవ్వు 280, ఎల్‌డీఎల్ అంటే చెడు కొలెస్ట్రాల్ 100. ఆ 100 చాలా ల్యాబుల్లో కొలిచింది కాదండీ, లెక్కకట్టింది. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ ఫార్ములా. 280ని 5తో భాగిస్తే 56. 190లోంచి 56, 34 తీసేస్తే 100. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ ఈ లెక్క తప్పుతుంది. 400 దాటితే అసలు వాడకూడదు.

సరే, లెక్క కరెక్టే అనుకుందాం. అయినా ఎల్‌డీఎల్ చెప్పేది కొలెస్ట్రాల్ తూకమే. వంద కిలోల బియ్యం నాలుగు బస్తాల్లో ఉండొచ్చు, ఇరవై చిన్న సంచుల్లోనూ ఉండొచ్చు. తూకం ఒకటే. కానీ రక్తనాళం గోడలోకి దూరి ఇరుక్కునేవి ఆ సంచులు, అంటే కొలెస్ట్రాల్‌ని మోసే రేణువులు. ఎన్ని ఎక్కువుంటే అంత ముప్పు. ప్రతి సంచికీ ఒకే ఒక్క తాడు కట్టి ఉంటుంది, ఆ తాడే అపో బీ అనే ప్రొటీన్. తాళ్లు లెక్కపెడితే సంచులెన్నో తెలిసిపోతుంది. పొట్ట, షుగరు, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ... మన ఇళ్లలో తరచూ కనిపించే ఈ రకం రిపోర్టుల్లోనే చిన్న సంచులు ఎక్కువ. వీళ్లు అపో బీ చేయించుకోవాలని నేను గట్టిగా చెప్తాను. ముప్పు బాగా ఎక్కువున్నవాళ్లకి యూరప్ గైడ్‌లైన్స్ పెట్టిన అపో బీ హద్దు డెసిలీటరుకి 65 మిల్లీగ్రాములు.

డబ్బులు ఖర్చు పెట్టకముందు ఒక పని చేయండి. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. 190లో 34 పోతే 156. ఇది నాన్ హెచ్‌డీఎల్. మామూలుగా 130 లోపుండాలి. చూశారా, 100 అని ఊరించిన రిపోర్టే ఇక్కడ దొరికిపోయింది!

ఇక చిన్నాన్న సంగతి. ఆయనకి ఎక్కువని తేలింది ఎల్‌పీ లిటిల్ ఏ, రిపోర్టులో Lp(a) అని ఉంటుంది. ఎల్‌డీఎల్ లాంటి సంచికే ఇంకో ప్రొటీన్ తగిలించినట్టు అనుకోండి. 1963లో నార్వేలో కారె బెర్గ్ కనిపెట్టారు. ఇది పుట్టుకతో వచ్చేది, తిండి మానినా నడిచినా పెద్దగా మారదు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులతోనూ తగ్గదు. అందుకే జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. మన దేశపు గుండె డాక్టర్ల సంఘం, కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా కూడా 2024లో ఇదే చెప్పింది. డెసిలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ. కొన్ని ల్యాబులు లీటరుకి నానోమోల్స్ అనే వేరే యూనిట్‌లో ఇస్తాయి, అక్కడ హద్దు 125. యూనిట్ చూడకుండా కంగారు పడకండి. చిన్నాన్నది 112 మిల్లీగ్రాములు.

దాన్ని తగ్గించలేకపోతే తెలుసుకుని ఏం లాభం అని అడుగుతారు. లాభం ఉందండీ. అది ఎక్కువున్నవాళ్లకి ఎల్‌డీఎల్, బీపీ, షుగర్ విషయంలో డాక్టర్లు ఇంకా పట్టుగా ఉంటారు, మందులు ముందే మొదలుపెడతారు. అపో బీ, ఎల్‌పీ లిటిల్ ఏ, ఈ రెండు పరీక్షలకీ పరగడుపున వెళ్లక్కర్లేదు కూడా. చిన్నాన్న పిల్లలిద్దరికీ ఎల్‌పీ లిటిల్ ఏ చేయించాం. పెద్దమ్మాయికి ఎక్కువుంది. తనకి ఇప్పుడు 19 ఏళ్లే.