తెగిన క్యాసెట్ రీలు అతికించే కిట్: అమ్మమ్మ గొంతు మీదే పెట్టి చూశాను

అందరికీ నమస్తే అండి. ముందే చెప్పేస్తాను, ఈ కిట్ నేను కొన్నది కాదు. అమ్మేవాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో కూడా చెప్పలేదు. డబ్బాలో రీలును కోసి అతికించడానికి ఒక బ్లాక్, అతుకు టేపు, స్క్రూడ్రైవర్, ఖాళీ క్యాసెట్ డొక్కులు వచ్చాయి. నేరుగా ఈ బ్లాక్ దగ్గరికి వస్తాను.

ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. వేలెడంత అల్యూమినియం ముక్క, మధ్యలో పొడుగ్గా ఒక గాడి, దానికి అడ్డంగా ఏటవాలుగా ఒక సన్నటి చీలిక. అంతే. క్యాసెట్ రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. రీలు ఈ గాడిలో పడిందంటే ఇక అటూ ఇటూ జరగదు. చూడండి, వేలు తీసేశాను, అయినా కదలడం లేదు. ఇరవై ఏళ్ల కింద ఇది నా చేతిలో ఉంటే బాగుండేది.

ఎందుకో చెప్తాను. 1991లో మా మామయ్య దుబాయ్ నుంచి టూ-ఇన్-వన్ తెచ్చాడు. అమ్మమ్మ వాళ్లది జగిత్యాల దగ్గర ఊరు. ఆ ఏడాది బతుకమ్మ పండక్కి అమ్మమ్మను కూర్చోబెట్టి, ఒక అరవై నిమిషాల క్యాసెట్‌లో పాటలు రికార్డ్ చేశాడు. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు, ఈ ఒక్క క్యాసెట్‌లోనే ఉంది.

2003లో మా ఇంట్లో టేప్ రికార్డర్ ఆ రీలును నమిలేసింది. లాగితే తెగింది. అప్పుడు తెలిసిందేముంది, సెల్లోటేప్ వేసి అతికించాను. మీలో చాలామంది అదే చేసి ఉంటారు. సెల్లోటేప్ జిగురు కొన్నాళ్లకు పక్కలకు కారుతుంది. చుట్టలో పైన ఉన్న పొర, కింద ఉన్న పొర దానికి అంటుకుపోతాయి. మళ్లీ ప్లే చేస్తే అతుక్కున్నచోట రీలు గుంజుకుపోతుంది. నాకు సరిగ్గా అదే జరిగింది. భయమేసి సజ్జ మీద పెట్టేశాను, ఇన్నేళ్లూ ముట్టుకోలేదు.

ఇప్పుడు విప్పుదాం. దీనికి ఐదు స్క్రూలున్నాయి, మన అదృష్టం. స్క్రూల్లేకుండా అతికేసిన క్యాసెట్లయితే అంచు వెంట బ్లేడుతో మెల్లగా విడదీయాలి. క్యాసెట్‌ను బల్ల మీద పడుకోబెట్టి పై మూత నిలువుగా ఎత్తండి. వెంటనే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మూలల్లో ఉన్న చిన్న చక్రాల మీదుగా రీలు ఎటు వెళ్తుందో తిరిగి బిగించేటప్పుడు గుర్తుండదు.

ఇక్కడే నాకు కోపం వచ్చిన విషయం. కిట్‌లో ఇచ్చిన స్క్రూడ్రైవర్ చూడండి. స్క్రూ దానికి అంటుకుని వేలాడుతోంది. అంటే దీని మొనలో అయస్కాంతం ఉంది. రీలు మీద ఉన్న పాటంతా అయస్కాంతపు గుర్తులేనండి! క్యాసెట్ విప్పడానికని అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవర్ ఎలా ఇస్తారు? కొత్తగా నేర్చుకునేవాళ్లు దాని మొనను రీలుకు ఆనిస్తే పరిస్థితేంటి? నేను పక్కన పడేసి ఇంట్లో ఉన్న మామూలుదే వాడాను. ఆ కంపెనీకి కూడా ఇదే రాశాను. ఇంకా జవాబు రాలేదు.

సరే, అతుకు సంగతి. పాత సెల్లోటేప్‌ను మెల్లగా ఊడదీసి, మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన బడ్‌తో వెనకవైపు తుడిచాను. తెగిన రెండు కొసల్నీ గాడిలో ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టి, చీలికలో బ్లేడు దింపాలి. రెండూ ఒకే ఏటవాలులో తెగుతాయి కాబట్టి సందు లేకుండా కలుస్తాయి. ఏటవాలు లేకుండా అడ్డంగా నేరుగా కోస్తే, ప్లేయర్‌లో రీలును చదివే హెడ్ మీదకు అతుకు ఒక్కసారిగా వచ్చి 'టిక్' మనే అవకాశం ఎక్కువ. ఏటవాలుగా ఉంటే అతుకు హెడ్ ముందు కొద్దికొద్దిగా దాటుతుంది, చెవికి తెలియదు. అతుకు టేపు ఎప్పుడూ రీలు వెనకవైపే వేయాలి. క్యాసెట్‌లో బయటికి కనిపించే వైపు, అంటే హెడ్‌కు ఆనే వైపు, అసలు వేయకూడదు. వేసి, గోరుతో గట్టిగా రుద్దండి. పక్కలకు కొంచెం కూడా బయటికి రాకూడదు.

కిట్‌లో వచ్చిన అతుకు టేపు బాగుంది. పల్చగా ఉంది, జిగురు కారడం లేదు. దానికి నా ఓటు పూర్తిగా ఉంది. ఖాళీ క్యాసెట్ డొక్కులు మాత్రం వద్దు. హెడ్‌కు రీలును నొక్కి పెట్టే మెత్త సన్నటి లోహపు స్ప్రింగ్ మీద ఉండాలి, వీటిలో ఒట్టి స్పాంజి ముక్క అంటించారు. అది పొడి అయిపోతుంది. పాత డొక్కే తుడిచి వాడుకోండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. రీలు నలిగిపోయి ముడతలు పడినచోటు కోసేయాలా? చాలామంది కోసేయమంటారు. నేను కోయవద్దంటాను. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. నాది నలిగింది దాదాపు 10 సెంటీమీటర్లు. కోస్తే రెండు సెకన్ల అమ్మమ్మ పోతుంది. పైగా ఏ సైడ్, బీ సైడ్ రెండూ ఒకే రీలు మీద పక్కపక్కన ఉంటాయి కాబట్టి, ఇక్కడ కోస్తే అటువైపు కూడా రెండు సెకన్లు పోతాయి. ముడత ఉన్నచోట శబ్దం తగ్గుతుందే తప్ప మాట మిగులుతుంది. నేను కొసల్లో చిరిగిన సెంటీమీటరు మాత్రం తీశాను. అంటే సెకనులో ఐదో వంతు. ముడతల్ని వేలి కింద పెట్టి సాపు చేశాను.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. రిపేరైన క్యాసెట్‌ను దొరికిన ప్లేయర్‌లో పెట్టేయకండి. రీలును నమలడానికి చాలాసార్లు కారణం ప్లేయరే. బెల్టు వదులై, రీలును చుట్టుకోవాల్సిన చక్రం ఆగిపోతే, వచ్చిన రీలంతా రబ్బరు రోలర్ దగ్గర పోగుపడి చిక్కుకుంటుంది. నేను హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత క్యాసెట్ ప్లేయర్ ఒకటి కొని, కోఠి గుజరాతీ గల్లీలో వెతికి బెల్టు తెచ్చి వేశాను. హెడ్, రోలర్ తుడిచాను. ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి పూర్తిగా నడిపి చూశాను. మన క్యాసెట్ పైన మూలల్లో ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచి ఉన్నాయో లేదో కూడా చూడండి. అవి విరిచి రంధ్రాలు ఉంటే రికార్డ్ బటన్ పనిచేయదు. కానీ మామయ్య ఆ రంధ్రం మీద టేపు అంటించాడు. అలా ఉంటే పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా చెరిగిపోతుంది. దాన్ని పీకేశాను. మొదటిసారి ప్లే చేసేటప్పుడే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. రెండోసారి వస్తుందని నమ్మి ఊరుకోవద్దు.

నా తీర్పు ఏంటంటే, బ్లాక్, అతుకు టేపు విడిగా అమ్మితే అవే కొనండి. విడిగా దొరక్కపోతే మొత్తం కిట్ కొన్నా నష్టం లేదు, ఆ గాడి కోసమైనా కొనవచ్చు. స్క్రూడ్రైవర్ మాత్రం ఇంట్లో వేరే పనులకు వాడుకోండి.

నిన్న రాత్రి ప్లే చేశాను. ముడతలు పడినచోటు వచ్చేసరికి గొంతు లోపలికి వెళ్లినట్టయింది, మళ్లీ పైకి వచ్చింది. పాట మధ్యలో ఆగి అమ్మమ్మ మామయ్యను అడుగుతోంది, "తిరుగుతుందారా అది?" అని. కోసి ఉంటే ఈ మాటే పోయేది. మామయ్యకు ఫోన్‌లో వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఇంకోసారి పెట్టు" అన్నాడు.

బీ సైడ్ ఇంకా కాపీ కాలేదు. ఇప్పుడు అదే పెడుతున్నాను. ఉంటానండి.