ఐదు గోల్స్ చెప్తామని కూర్చున్నాం

కిరణ్: వచ్చేశాం. మాటిచ్చినట్టే ఈ వారం 2010 దక్షిణాఫ్రికా ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో మాకు నచ్చిన ఐదు గోల్స్. ఐదూ చెప్తాం, పక్కదారి పట్టేది లేదు.

లావణ్య: పోయినసారి కూడా ఇదే అన్నావు అన్నా.

కిరణ్: పోయినసారి ఫ్యాన్ వల్ల, అది వదిలెయ్. మొదటిది దక్షిణాఫ్రికా షబలాలా. జూన్ 11, జోహానెస్‌బర్గ్ సాకర్ సిటీ, మెక్సికో మీద 55వ నిమిషంలో ఎడమకాలితో కొడితే పై మూలకి వెళ్ళింది. రెండోది...

లావణ్య: ఆగాగు. నిన్న ఆ క్లిప్ మళ్ళీ చూశాను. గోల్‌కి ముందు భుయ్య్, గోల్ అయ్యాక కూడా అదే భుయ్య్. కామెంటేటర్ అరవకపోతే గోల్ పడిందో త్రో ఇచ్చారో తెలిసేలా లేదు.

కిరణ్: స్టేడియంలో ఊదే ఆ ప్లాస్టిక్ బూర, వువుజెలా మీద పడ్డావా ఇప్పుడు?

లావణ్య: పడతాను. ఎవడికైనా నిజంగా నచ్చిందా అది? ఊదేవాడికి సరే, పక్క సీట్లోవాడి సంగతేంటి? దగ్గర నుంచి కొలిస్తే 120 డెసిబెల్స్ దాకా వచ్చింది.

కిరణ్: వాళ్ళ దేశం, వాళ్ళ స్టేడియం. వరల్డ్ కప్ రాకముందు నుంచే కైజర్ చీఫ్స్, ఓర్లాండో పైరేట్స్ లాంటి అక్కడి క్లబ్‌ల మ్యాచ్‌లకి ఊదుతున్నారు. 2009 కాన్ఫెడరేషన్స్ కప్‌లో స్పెయిన్ ఆటగాడు షాబీ అలోన్సో బ్యాన్ చెయ్యమన్నాడు, ఫిఫా ఒప్పుకోలేదు. మంచి పని చేసింది. చుట్టపుచూపుగా వెళ్ళి వాళ్ళింట్లో టీవీ ఆపమంటామా? ఇక ఫ్రాన్స్ ఎవ్రా అయితే పొద్దున ఆరింటికే ఊదుతున్నారు, నిద్ర లేదన్నాడు. కోచ్‌తో గొడవపడి ప్రాక్టీస్ ఎగ్గొట్టిన టీమ్ అది, ఒక్క మ్యాచ్ గెలవలేదు, తప్పేమో బూరదట! మన ఇండియా టీమ్ పాత కోచ్ రహీమ్ సాబ్ టీమ్‌లో ఇలాంటి సాకు చెప్పి ఉంటే...

లావణ్య: రహీమ్ సాబ్ పేరెత్తావు, డబ్బాలో పది రూపాయలు వెయ్.

కిరణ్: వేస్తాలే.

లావణ్య: ఫ్రాన్స్‌తో నాకేం పని? గోల చెయ్యొద్దని నేను అనట్లేదు. గోల అంటే ఆటతో పాటు లేవాలి, పడాలి. పెనాల్టీ ముందు జనం బిగుసుకుపోతారు చూడు, కార్నర్‌కి ఒక్కసారిగా లేస్తారు, అదంతా ఆ బూర మింగేసింది. మొత్తం 233 హెర్ట్జ్ దగ్గర ఒకటే స్వరం, దాని రెండింతలు, మూడింతలు, అంతే. అందుకే టీవీవాళ్ళు ఫిల్టర్ పెట్టి చాలావరకు తగ్గించగలిగారు. డప్పుని అలా తగ్గించమను చూద్దాం!

కిరణ్: బోనాలప్పుడు మీ వీధిలో తీన్మార్ కొడితే ఏ పసిపిల్ల నిద్రపోయింది? నువ్వేమో ముందు వరసలో ఎగురుతుంటావ్.

లావణ్య: దరువు మారుతుంది అన్నా! దరువు మారితే కాళ్ళు మారతాయి. నువ్వన్న సోవెటో క్లబ్ మ్యాచ్‌ల్లో కూడా లయ పట్టి ఊదితే నేనూ వింటాను. వరల్డ్ కప్‌లో ఎయిర్‌పోర్ట్‌లో కొనుక్కున్న టూరిస్టు కూడా ఊపిరున్నంతసేపు ఊదేశాడు.

కిరణ్: ఇది కొంచెం ఒప్పుకుంటా. కొంచెమే.

లావణ్య: మరి అదే ఏడాది యూరప్ మ్యాచ్‌ల్లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ దాన్ని బ్యాన్ చేస్తే ఎందుకంత బాధపడ్డావ్?

కిరణ్: బాధ కాదు, చిరాకు. బ్రెజిల్ సంగతి చూడు. వువుజెలాకి బదులని మెల్లగా మోగే కషిరోలా తయారు చేయించారు, గిలక్కాయ లాంటిది. 2013లో సాల్వడార్‌లో బయియా, విటోరియా మ్యాచ్‌లో పంచితే జనం వాటిని గ్రౌండ్‌లోకి విసిరారు. ఇంకేముంది, 2014 వరల్డ్ కప్‌లో స్టేడియంలోకి రానివ్వలేదు. చప్పుడు తక్కువైతే జనానికి చేతిలో ఉన్నది విసరాలనిపిస్తుంది.

లావణ్య: ఇదెక్కడి సిద్ధాంతం!

కిరణ్: అసలు గోల అంటే 1962 జకార్తా. ఇదిగో ఇంకో పది, ముందే వేస్తున్నా. ఏషియన్ గేమ్స్‌కి ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వకపోతే మన క్రీడా అధికారి సోంధీ అభ్యంతరం చెప్పాడు, దాంతో ఊరంతా ఇండియా మీద మండిపడింది. ఫైనల్లో స్టేడియం నిండా జనం, మనవాళ్ళు బంతి ముట్టుకుంటే చాలు, బూ అని అరుపులు. జర్నైల్ సింగ్ తల మీద కుట్లతో ఫార్వర్డ్ ఆడి గోల్ కొట్టాడు. మన సికింద్రాబాద్ బలరామ్ ఉన్నాడు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. రహీమ్ సాబ్‌కి అప్పటికే క్యాన్సర్, మరుసటేడే పోయాడు.

లావణ్య: ...ఊఁ. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆ అరుపులో కోపం ఉంది అన్నా. ఎవరి మీదో, ఎందుకో తెలుస్తుంది.

కిరణ్: బూర ఊదేవాడికి ఏ కోపం, ఏ సంతోషం లేదంటావా? మొదటిసారి వరల్డ్ కప్ ఆఫ్రికాకి వచ్చింది, ఊదడా మరి?

లావణ్య: ఊదనీ, నెల రోజులు ఒకే సంతోషమా అంట?

కిరణ్: నీతో కాదు. టైమ్ చూశావా? రెండోది ఉరుగ్వే మీద వాన్ బ్రాంక్‌హార్స్ట్, మూడోది జర్మనీ మీద ఫోర్లాన్ వాలీ, నాలుగు మైకాన్, ఐదు మెక్సికో మీద టెవెజ్. అయిపోయింది.

లావణ్య: ఇనియెస్టా లేడా? ఫైనల్ గెలిపించాడయ్యా!

కిరణ్: గెలిపించడం వేరు, అందం వేరు.

లావణ్య: పోనీ సెమీస్‌లో పుయోల్ హెడర్?

కిరణ్: అది కార్నర్.

లావణ్య: కార్నర్ అయితే గోల్ కాదా?

కిరణ్: నేను అట్లా అనలేదు, ఉండు, గేటు ఎవరో కొడుతున్నారు.