రాగికి కాలం చెల్లిందా? మాక్సీన్ ఫిల్మ్ అసలు సంగతి

నమస్కారమండీ. వైజాగ్‌లో బయట చినుకులు, లోపల ఉక్కపోత. ఈ తేమకీ మన ఇవాళ్టి విషయానికీ గట్టి సంబంధమే ఉంది. కాసేపట్లో వస్తాను దానికి.

ఒక రకం షార్ట్ వీడియోలు మీరూ చూసే ఉంటారు. నల్లటి సిరాను గాజు పలక మీద స్ప్రే చేస్తారు. ఆరాక రెండు వైర్లు ఆనిస్తే ఎల్‌ఈడీ వెలుగుతుంది. "రాగికి ఇక కాలం చెల్లింది" అని పెద్ద అక్షరాలు. ఎంఎస్సీ, బీటెక్ పిల్లలు అడిగేవి రెండే ప్రశ్నలు. ఇది నిజమేనా? మా కాలేజీ ల్యాబ్‌లో చేసుకోవచ్చా? ఎల్‌ఈడీ వెలగడం నిజం. రాగి మాట అబద్ధం. ల్యాబ్ సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి.

ఆ సిరాలో ఉన్నది మాక్సీన్. 2011లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో మైకేల్ నగీబ్, యూరీ గొగొట్సీ, మిషెల్ బార్సూమ్ బృందం దీన్ని మొదటిసారి తయారు చేసింది. టైటానియం, కార్బన్, అల్యూమినియం పొరలు పొరలుగా పేర్చినట్టుండే పొడి ఒకటి ఉంటుంది. దాన్ని మ్యాక్స్ ఫేజ్ అంటారు. అందులోంచి అల్యూమినియాన్ని మాత్రం యాసిడ్‌తో కరిగించి బయటికి లాగేస్తే టైటానియం కార్బైడ్ రేకులు మిగులుతాయి. రేకు మందం దాదాపు ఒక నానోమీటర్ (మిల్లీమీటరులో పది లక్షలో వంతు), వెడల్పు మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వాటి ఒంటి నిండా ఆక్సిజన్, హైడ్రాక్సిల్, ఫ్లోరిన్ అతుక్కుని ఉంటాయి కాబట్టి నీళ్లంటే ఇష్టం. పైగా అన్నిటికీ నెగెటివ్ ఛార్జే, అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. సబ్బు అక్కర్లేదు, బంక అక్కర్లేదు. ఇలాంటిదే కార్బన్ రేకు గ్రాఫీన్‌తో ఇంత సులువు కాదు. ఈ ఒక్క గుణం వల్లే మాక్సీన్ ఇంత పేరు తెచ్చుకుంది.

ఇప్పుడు యాసిడ్ దగ్గర ఆగుదాం. మొదట్లో వాడింది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. అది గాజునే తినేస్తుంది, ప్లాస్టిక్ సీసాలో ఉంచాలి. చర్మం మీద పడితే ఒక్కోసారి మొదట నొప్పి కూడా తెలీదు. ఫ్లోరైడ్ మాత్రం లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. పెద్ద మోతాదైతే గుండె ఆగిపోతుంది. 2014లో అదే డ్రెక్సెల్ వాళ్లు లిథియం ఫ్లోరైడ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపి పని కానిచ్చారు. అప్పట్నుంచీ "ఇది సేఫ్ పద్ధతి" అనే మాట పుట్టింది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ రెండూ కలిస్తే డబ్బాలో తయారయ్యేది మళ్లీ హైడ్రోఫ్లోరిక్ యాసిడే కదండీ! సీసాలో కొనలేదు, అంతే తేడా. ఈ యాసిడ్ పడితే వెంటనే రాసే మందు కాల్షియం గ్లూకోనేట్ జెల్. అది ఏ అరలో ఉందో చెప్పలేని ల్యాబ్‌లో లిథియం ఫ్లోరైడ్ పొడి తూకం కూడా వేయకండి.

ఎచింగ్, అంటే యాసిడ్‌తో అల్యూమినియాన్ని కరిగించడం, అయ్యాక కడగడం. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, పైనీళ్లు వంపేయడం, మళ్లీ కొత్త నీళ్లు. విసుగొచ్చే పనే కానీ చూడ్డానికి భలే ఉంటుంది. మొదటి విడతల్లో పైన తేటనీళ్లే వస్తాయి. పీహెచ్ 6 దగ్గరపడేసరికి అడుగునున్న మడ్డి ఉబ్బుతుంది, పైనీళ్లు ఆకుపచ్చ కలిసిన నలుపులోకి తిరుగుతాయి. రేకులు విడిపోయాయని గుర్తు. ఒక చుక్కని బాగా పల్చన చేసి లేజర్ పాయింటర్ వేస్తే కిరణం దారి గీతలా కనబడుతుంది. ఇక ఆ నీళ్లే మీ సిరా.

సిరా ఆరాక మిగిలే పొరే ఫిల్మ్. అది వేయడానికి దారులు బోలెడు. మందంగా, విడిగా లేచి వచ్చే రేకు కావాలంటే వ్యాక్యూమ్ ఫిల్ట్రేషన్. సిరాని మెంబ్రేన్ (సన్న రంధ్రాల వడపోత పొర) మీద పోసి కింద నుంచి పంపుతో లాగుతారు, ఆరాక లోహపు మెరుపున్న కాగితంలా ఒలుచుకోవచ్చు. గాజు మీద పల్చగా కావాలంటే స్పిన్ కోటింగ్ (గాజుని గిర్రున తిప్పి సిరా పరచడం), స్ప్రే. స్ప్రేలో తడి నిలిస్తే చుక్కల అంచున మచ్చలు కడతాయి, అందుకే హాట్ ప్లేట్ మీద పెట్టి కొడతారు. గాజుకి జిడ్డు ఉంటే ఏ పద్ధతీ పనిచేయదు. పల్చటి ఫిల్మ్‌లోంచి అవతలివైపు కనబడుతుంది కూడా, నానోమీటరుకి దాదాపు 3 శాతం వెలుగే పోతుంది.

కరెంటు ఎంత బాగా పారుతుందన్నది పెంకుటింటి కప్పు లెక్కే. పెంకు పెద్దదైతే అతుకులు తక్కువ. రేకులు పెద్దవిగా ఉండి, లోపాల్లేకుండా, చదునుగా ఒకదానిమీదొకటి పడాలి. అందుకే బ్లేడ్‌తో ఒకే వైపు లాగిన ఫిల్మ్‌లు 2020లో సెంటీమీటరుకి 15,100 సీమెన్స్ ఇచ్చాయి (కండక్టివిటీని, అంటే కరెంటు పారనిచ్చే గుణాన్ని, కొలిచే లెక్క ఇది). 2021లో మ్యాక్స్ ఫేజ్ తయారీలో అల్యూమినియం కావాలనే ఎక్కువేసి చేసిన మాక్సీన్ 20,000 దాకా వెళ్లింది. రాగిది దాదాపు 5,90,000. అంటే రాగి ఇంకా ముప్ఫై రెట్ల దూరంలో ఉంది. కాలం చెల్లడమేంటి!

ఇంకో కిటుకు చెప్తాను, ఇది మీ వైవాలో కూడా పనికొస్తుంది. ఫోర్ ప్రోబ్‌తో, అంటే నాలుగు సూదులు ఆనించి, మనం కొలిచేది షీట్ రెసిస్టెన్స్, ఫిల్మ్‌లో ఒక చదరపు ముక్క కరెంటుకి పెట్టే అడ్డు. 10,000 సీమెన్స్ ఉన్న ఒక మైక్రాన్ ఫిల్మ్ అయితే చదరానికి ఒక ఓమ్ చూపిస్తుంది. దాన్నుంచి కండక్టివిటీ తేల్చాలంటే మందం తెలియాలి. మందాన్ని సగానికి తగ్గించి చూపిస్తే కండక్టివిటీ రెట్టింపైపోతుంది. ఎవరైనా ఘనమైన అంకె చెబితే, మందం ఎలా కొలిచారండీ అని అడగండి. సగం మంది అక్కడే నసుగుతారు.

ఇక తేమ. మాక్సీన్‌కి నీళ్లే అమ్మ, నీళ్లే శత్రువు. సిరాలో ఉన్నంతసేపూ నీళ్లు, కరిగిన ఆక్సిజన్ రేకుల్ని అంచుల నుంచి కొరుకుతూనే ఉంటాయి. చివరికి మిగిలేది టైటానియం డయాక్సైడ్, గోడలకేసే తెల్ల పెయింటులో ఉండేదే. నల్ల సిరా పాలిపోయిందంటే ఇక పారబోయడమే. ఆర్గాన్ నింపి ఫ్రిజ్‌లో పెట్టాలి. 2021లో చేసిన ఆ కొత్తరకం నీళ్లలో 10 నెలలు దాటి నిలిచిందని రాశారు, మామూలు రకంతో అంత ఆశ పెట్టుకోకండి. ఫిల్మ్ అయ్యాక కూడా గాలిలో తేమ రేకుల మధ్య దూరి వాటిని ఎడం చేస్తుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. మరి మన ఊళ్లో, ఆర్కే బీచ్‌కి కూతవేటు దూరంలో, కిటికీ తెరిచి ఆరబెడితే ఏమవుతుంది? ఉదయం ఒక రీడింగ్, సాయంత్రం ఇంకోటి. పిల్లలు మీటర్‌ని తిట్టుకుంటారు. వ్యాక్యూమ్‌లో వేడిచేసి ఆరబెట్టండి, డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూతపెట్టెలో) దాచండి, కొలిచిన ప్రతిసారీ గదిలో తేమ శాతం పక్కన రాసుకోండి.

అయితే ఇంత తంటా ఎందుకంటారా? 2016లో 45 మైక్రాన్ల ఫిల్మ్ విద్యుదయస్కాంత తరంగాల్ని 92 డెసిబెల్స్ మేర ఆపింది. అంటే దాదాపు 160 కోట్ల వంతుల్లో ఒక వంతే అవతలికి దాటింది. నేవీ ఊరు మనది, రాడార్ల పక్కన ఎలక్ట్రానిక్స్ పెట్టడమంటే ఎంత టెన్షనో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. కాకపోతే ఉప్పుగాలికి ఎన్నాళ్లు తట్టుకుంటుందో తేలకుండా ఓడెక్కించలేం.

చివరిగా, భీమిలి ఇసుకలో టైటానియం ఉంది కదా, మనమే చేసుకోలేమా అని అడుగుతుంటారు. ఇసుకలో ఉన్నది ఇల్మనైట్, ఇనుముతో, ఆక్సిజన్‌తో కలిసిన టైటానియం. దాన్ని విడదీయడమే ఒక పెద్ద పరిశ్రమ. టైటానియం స్పాంజ్ (ఖనిజం నుంచి తీసిన టైటానియం లోహం) ప్లాంటు కేరళలోని చవరలో ఉంది. అయినా ల్యాబ్‌లో మాక్సీన్‌కి కావలసింది గ్రాముల్లో పొడి, అది కొనుక్కోవచ్చు. అసలు అడ్డం ఇసుక కాదు, కడిగిన ఫ్లోరైడ్ నీళ్లు ఎక్కడ పోస్తారన్నది. సున్నంతో కలిపి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుక్కి దింపే తొట్టి ముందు కట్టించమని మీ హెచ్ఓడీ గారిని అడగండి. మ్యాక్స్ ఫేజ్ ఆర్డరు ఆ తర్వాత పెడుదురుగాని.