తలుపు తీసే మాట, తియ్యని మాట

ముందే చెప్పేస్తున్నా, మిస్ట్ అనే కంప్యూటర్ పజిల్ గేమ్‌ల సిరీస్ కథంతా ఇవాళ బయటపడిపోతుంది. మొదటి గేమ్ వచ్చింది 1993 సెప్టెంబర్‌లో, కాబట్టి స్పాయిలర్లు చెప్పానని నన్ను తిట్టే హక్కు ఎవరికీ లేదు. అయినా ఇంకా ఆడకుండా దాచుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను.

సరే. నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే. "పజిల్స్ ఎలాగోలా దాటేశాం, కథే అర్థం కాలేదు, అసలు ఎవరు ఎవరికి ఏమవుతారు?" అని. నేనూ అక్కడే మొదలయ్యాను. అప్పట్లో నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, రెండో గేమ్ రివెన్ సగంలో ఉండగానే మొత్తం టైమ్‌లైన్ వెతికి చదివేశాను. దునీ నాగరికత (లోకాలకి తీసుకెళ్ళే పుస్తకాలు రాసే జనం) క్రీస్తుపూర్వం 7656లో మొదలైంది, 1744లో కూలిపోయింది, అలాంటి పుస్తకాలు రాసే అట్రస్, కథకి ముఖ్యుడు, 1755లో పుట్టాడు అంటూ సంవత్సరాలన్నీ వరసగా పెట్టుకుని కూర్చున్నా, ఒక్క ముక్క కూడా బుర్రకెక్కలేదు, పైగా రివెన్‌లో నాకు నేనే కనిపెట్టాల్సిన సంగతులన్నీ పాడైపోయాయి. (దునీని ఇంగ్లిషులో డి తర్వాత ఒక అపాస్ట్రఫీ పెట్టి రాస్తారు, దాన్ని ఎలా పలకాలో తెలియడానికే నాకు చాలాకాలం పట్టింది.)

తర్వాత అర్థమైంది, ఈ కథ తేదీల వరసలో అర్థమయ్యే రకం కాదని. ఇది సాక్ష్యాల కథ. ఎవరో ఏదో చెప్తారు, ఎక్కడో ఒక డైరీ దొరుకుతుంది, ఒక గదిలో ఏవో వస్తువులు పడి ఉంటాయి. వాటిలో ఏది నమ్మాలో తేల్చుకోవడమే అసలు పని.

మొదటి గేమ్‌నే తీసుకోండి. దీవిలో మనుషులెవరూ ఉండరు. లైబ్రరీలో పుస్తకాలు చాలావరకు కాలిపోయి ఉంటాయి. ఒక ఎర్ర పుస్తకం, ఒక నీలం పుస్తకం ఉంటాయి, ఎర్రదాంట్లో సిరస్, నీలందాంట్లో అకెనార్ ఇరుక్కుని ఉంటారు. ఇద్దరూ అట్రస్ కొడుకులే. నా పేజీలు తెచ్చిపెట్టు, నేనే పాపమూ ఎరగను, అంతా వాడే చేశాడు అని ఇద్దరూ అంటారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాత్రం మాయం! పేజీలు వెతుక్కుంటూ వేరే లోకాలకి వెళ్తే అక్కడ వీళ్ళ గదులు కనిపిస్తాయి. ఒకడి గది నిండా నగలూ బంగారం, ఇంకొకడి గదిలో మనుషుల్ని హింసించే సామాను. గదులు అబద్ధం చెప్పవు. ఇంకో సరదా సంగతి, సిరస్‌గా నటించింది రాబిన్ మిల్లర్, అకెనార్‌గా, అట్రస్‌గా నటించింది వాళ్ళన్న రాండ్ మిల్లర్. అంటే గేమ్ తయారుచేసిన అన్నదమ్ములే ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకునే అన్నదమ్ములుగా వేశారన్నమాట.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు విషయానికి వస్తున్నా. కొన్ని పేజీలు తెచ్చాక ఇద్దరూ ఒకే రహస్యం చెప్తారు. అరలో ఒక పుస్తకం ఉంది, దాంట్లో 300 నమూనాలుంటాయి, 158వది చూసి అదే నమూనాని పొయ్యిగూటిలో నొక్కు, లోపల నా ఆఖరి పేజీ దొరుకుతుంది, పక్కన ఆకుపచ్చ పుస్తకం ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోకు అని. చెప్పేవాళ్ళిద్దరూ పచ్చి అబద్ధాలకోరులు. అయినా 158 నిజం, ఎందుకంటే ఆ అంకె తప్పైతే తలుపు తెరుచుకోదు, మనం ముందుకి కదలం. ఆకుపచ్చ పుస్తకం ముట్టుకోవద్దన్నది మాత్రం అబద్ధం, ఎందుకంటే దాంట్లోనే అట్రస్ ఉన్నాడు. ఒకే నోటి నుంచి ఒకే ఊపిరిలో వచ్చిన రెండు మాటలు, ఒకటి తలుపు తీస్తుంది, రెండోది తియ్యదు. ఆ తియ్యని మాటనే, మన భాషలో ఆ పదానికి రెండో అర్థం ఉండనే ఉంది కదా, అనుమానించాలి.

నేను ఈ సిరీస్ మొత్తాన్నీ ఈ ఒక్క జల్లెడతోనే వడగడతాను. పజిల్ దేని మీద ఆధారపడి ఉందో ఆ లోర్, అంటే కథాలోకపు సంగతి, గట్టిది, దాన్ని తప్పుగా రాస్తే ఆటగాడు ఇరుక్కుపోతాడు కాబట్టి తయారుచేసినవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తారు. ఏ తాళానికీ తగలకుండా గాల్లో వేలాడే లోర్ ఉంది చూశారూ, అది ఎవరి అవసరాన్ని బట్టి ఎటైనా వంగుతుంది. పాత్రల అవసరం కావచ్చు, తర్వాతి గేమ్ రాసేవాళ్ళ అవసరం కావచ్చు.

దీనికి తిరుగులేని ఉదాహరణ దునీ అంకెలు. 1997లో రివెన్ వచ్చింది, ఐదు సీడీల్లో. అందులో ఒక బడి గది ఉంటుంది, పిల్లలకి లెక్కలు నేర్పే బొమ్మ ఒకటి ఉంటుంది, ఆ బొమ్మ 1 నుంచి 10 వరకే నేర్పుతుంది. మిగతావి మనమే ఊహించుకోవాలి. మనం పదుల్లో లెక్కపెట్టినట్టు వాళ్ళు 25ల్లో లెక్కపెడతారు. 1, 2, 3, 4కి గుర్తులున్నాయి, అవే గుర్తుల్ని పక్కకి తిప్పితే 5, 10, 15, 20 అవుతాయి, రెండూ కలిపి ఒకే గడిలో రాస్తే మధ్యలో ఉన్నవన్నీ వచ్చేస్తాయి. 17 కావాలంటే తిప్పిన మూడు మీద మామూలు రెండు. ఆటలో ఏ గురువూ వచ్చి ఈ సూత్రం చెప్పడు. ఆ రివెన్‌లోనే చివరి పెద్ద పజిల్‌లో రంగు గోళీలు పెట్టే పలక కూడా 25 అడ్డం, 25 నిలువు. ఇన్నేళ్ళలో ఎన్నో మారాయి గానీ దునీ అంకెల ఈ లెక్క మాత్రం గట్టిగానే నిలబడింది.

ఇక గాల్లో వేలాడేదానికి వద్దాం, అందరి బుర్రా తినేది ఇదే. ఒక మనిషి పుస్తకం రాస్తాడు, ఆ పుస్తకంలో బొమ్మ మీద చెయ్యి పెడితే ఒక లోకంలోకి వెళ్ళిపోతాం. ఆ లోకాన్ని రాసినవాడు సృష్టించాడా, లేక ముందే ఎక్కడో ఉన్న లోకానికి దారి మాత్రం వేశాడా? అట్రస్ తండ్రి గెన్ "నేనే సృష్టించాను" అంటాడు, తను రాసిన లోకాల్లో దేవుడిలా పూజలు చేయించుకుంటాడు. దారి మాత్రమే వేశామని అట్రస్ నమ్మకం. ఇక్కడ కూడా ముందు మనిషిని చూడండి. సృష్టించానని నమ్మితే గెన్‌కి లాభం, తను ఏం చేసినా తప్పు కాదు, తన బొమ్మల్ని తను విరగ్గొట్టుకున్నట్టే. అట్రస్ మాటలో అతనికి ఏ లాభమూ లేదు, బాధ్యత తప్ప.

సరే, అట్రస్ వైపే అనుకుందాం. అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ఒక లోకానికి దారి వేసిన పుస్తకంలో వాక్యాలు మారిస్తే ఏమవుతుంది? 1995 నుంచి 1997 మధ్య ఈ కథ మీద మూడు నవలలు వచ్చాయి. వాటిలో గెన్ తన 37వ లోకాన్ని బాగుచేద్దామని పుస్తకంలో మార్పులు చేస్తాడు, తీరా వెళ్ళి చూస్తే అక్కడి జనం అతన్ని ఎరగరు. అంటే పాత లోకం పాతగానే ఉంది, పుస్తకం మాత్రం దానిలాంటి వేరే లోకానికి తిరిగిపోయింది. బాగానే ఉంది. మరి రివెన్ గేమ్ జరుగుతున్నంతసేపూ అట్రస్ కూర్చుని చేసేదేంటి? కూలిపోతున్న రివెన్ అనే లోకాన్ని నిలబెట్టడానికి దాని పుస్తకంలో మార్పులు రాస్తూనే ఉంటాడు! లోకం మారిపోదు, లోపలున్న అతని భార్య కాథరిన్ అదే కాథరిన్, మనమూ అక్కడే. నేను దీని మీద నెలలు కొట్టుకున్నాను. చివరికి నిలబడే సమాధానం ఏంటంటే, ఆ లోకంలో ఇంకా ఎవరికీ తెలియని, ఉన్నదానికి ఎదురు తిరగని సంగతి రాస్తే దారి అక్కడే ఉంటుంది. ఉన్నదానికి విరుద్ధంగా రాస్తే దారి పక్కకి జరుగుతుంది. చెరువు అడుగున చల్లని ఊట ఉందని రాయొచ్చు, చెరువే లేదని మాత్రం రాయకూడదు. అట్రస్ అంత భయం భయంగా, తక్కువ మాటల్లో ఎందుకు రాస్తాడో దీంతో తెలిసిపోతుంది.

మూడో రకం గందరగోళానికి పాత్రల తప్పేమీ లేదు, రాసేవాళ్ళు మనసు మార్చుకున్నారంతే. మొదటి గేమ్‌లో ఎర్ర, నీలం పుస్తకాలు ఒంటరి బోనులు. ఒకడు లోపలికెళ్తే అంతకుముందు ఉన్నవాడు బయటికొస్తాడు. సిరస్‌కి పేజీలన్నీ ఇచ్చి చూడండి, మీరు లోపలుంటారు, వాడు మీ పేజీలు పీకేస్తూ ఉంటాడు. రివెన్‌లో గెన్‌ని పట్టుకోవడం కూడా ఈ నియమంతోనే. చివర్లో అట్రస్ ఆ రెండు పుస్తకాల్ని కాల్చేస్తాడు, అరలో మసి మాత్రం మిగులుతుంది. కొడుకులు పోయారనే అందరం అనుకున్నాం, పదకొండేళ్ళపాటు. 2004లో రెవెలేషన్ అనే నాలుగో గేమ్ వచ్చి, అబ్బే, అవి బోనులు కావు, జైలు లోకాలు, సిరస్ స్పైర్ అనే చోట, అకెనార్ హేవెన్ అనే చోట ఇరవై ఏళ్ళుగా బతికే ఉన్నారు అంది. నాకు ఒళ్ళు మండిపోయింది, దాచుకోను. కానీ చూడండి, మొదటి గేమ్‌లో ఏ తాళమూ ఆ బోను లోపల ఏముందన్నదాని మీద ఆధారపడలేదు. గాల్లో వేలాడే ముక్కే వంగింది.

దీనికి ఉరు అనే గేమ్, 2003లో వచ్చింది, ఒక సాకు ముందే తయారుచేసి పెట్టింది, అది వింటే నవ్వొస్తుంది, మెచ్చుకోబుద్ధీ వేస్తుంది. ఉరు ప్రకారం దునీ నిజంగానే న్యూ మెక్సికో నేల కింద ఉంది. మనం ఆడిన మిస్ట్, రివెన్ అన్నీ అట్రస్ డైరీల ఆధారంగా మిస్ట్ తయారుచేసిన సయాన్ కంపెనీ తీసిన నాటకాలు, కాబట్టి వాటిలో తప్పులు దొర్లి ఉండొచ్చు! తమ పాత తప్పుల్ని కూడా తమ కథలో భాగం చేసేసుకున్నారు. దొంగతనమే, కానీ ఎంత అందమైన దొంగతనం.

మూడో గేమ్ ఎగ్జైల్ గురించి పెద్దగా చెప్పను, అది శుభ్రమైన కథ. సావెడ్రో అనేవాడికి అట్రస్ కొడుకులు చేసిన అన్యాయం, అతని కోపం, అంతే. ఐదో గేమ్ ఎండ్ ఆఫ్ ఏజెస్‌లో అట్రస్ కూతురు ఈషా మాటలు సగం జోస్యంలా ఉంటాయి, వాటి జోలికి వెళ్తే తెల్లారిపోతుంది.

అర్థంకానివన్నీ తప్పులు అనుకోకండి మరి. మొదటి గేమ్ మొదలవ్వగానే ఒక మనిషి నక్షత్రాలున్న పగులులోకి పడిపోతాడు, అతనితోపాటు ఒక పుస్తకమూ పడిపోతుంది. 1993లో అదేంటో ఎవరికీ తెలియదు, ఏదో అందంగా ఉందని వదిలేశాం. నాలుగేళ్ళ తర్వాత రివెన్ ముగింపులో మనం అదే పగులు అంచున నిలబడతాం, మనమూ అందులో పడతాం. పుస్తకం మన చేతికి ఎలా వచ్చిందో ఆ క్షణంలో ఒక్కసారిగా వెలుగుతుంది. అందుకే కొత్తగా ఆడేవాళ్ళకి గేమ్‌లు వచ్చిన వరసలోనే ఆడమని చెప్తాను. రివెన్‌కి 2024లో పూర్తి త్రీడీలో కొత్త వెర్షన్ వచ్చింది, పజిల్స్ కొన్ని మారాయి, పాతది దొరికితే ముందు పాతదే ఆడండి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ప్రతి పేజీకి మధ్యలో గీత కొట్టండి, తలుపు తీసినవి ఒకపక్క, తియ్యనివి ఒకపక్క.

సరే, మాటలు చాలు. ఇందాక చెప్పిన బడి గది ఇప్పుడు తెర మీద పెడుతున్నా. ఆ బొమ్మలో వేలాడేది ఏమిటో, కింద నోరు తెరుచుకుని ఉన్నది ఏమిటో బాగా చూడండి, గెన్ పిల్లలకి లెక్కలతోపాటు ఇంకేం నేర్పుతున్నాడో మీరే చెప్పండి. లైట్లు కాస్త తగ్గిస్తారా?