తెల్లారాక ఏమవుతుంది?

అందరికీ నమస్కారం. లోకం అంతమైపోతుందని చెప్పి, తీరా ఏమీ కాకుండా గడిచిపోయిన తేదీల గురించి మాట్లాడమన్నారు. అవన్నీ చదువుకుంటూ పోతే మనం ఇక్కడినుంచి లేచేలోపు ఇంకో కొత్త తేదీ పుట్టుకొస్తుంది, అందుకని ఆ పని పెట్టుకోను. నాకు ఆసక్తి ఆ తేదీ మీద కాదు, మర్నాడు పొద్దున మీద.

అమెరికాలో విలియం మిల్లర్ అనే బాప్టిస్టు బోధకుడు ఉండేవాడు. బైబిల్లోని దానియేలు గ్రంథంలో చెప్పిన 2300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని, క్రీస్తుపూర్వం 457 నుంచి లెక్కేసి, క్రీస్తు 1843 ప్రాంతంలో తిరిగొస్తాడు, దాంతో లోకం అంతం అన్నాడు. 1843 గడిచింది, 1844 మార్చి కూడా గడిచింది. అప్పుడు శామ్యూల్ స్నో అనే అనుచరుడు లెక్క సవరించి అక్టోబర్ 22 అని ఖాయం చేశాడు, మొదట వెనకాడినా చివరికి మిల్లర్ కూడా సరేనన్నాడు. కొందరు రైతులు పంట కోయడం మానేశారు, కోసి దాచుకునేది ఎవరికోసం మరి? ఆ అర్ధరాత్రి దాటింది, ఎవరూ రాలేదు. తెల్లవార్లూ ఏడ్చామని హైరమ్ ఎడ్సన్ అనే ఆయన తర్వాత రాసుకున్నాడు. చరిత్రలో దీన్ని 'మహా నిరాశ' అంటారు.

అసలు కథ ఆ పొద్దున మొదలైంది. తేదీ తప్పలేదు, జరగాల్సింది జరిగింది, కాకపోతే భూమ్మీద కాదు, పరలోకంలో అని అదే ఎడ్సన్‌కి తట్టింది. ఈ మాటను కాదనడం ఎలా? పైకెళ్లి చూసొచ్చినవాళ్లు ఎవరూ లేరు. చాలామంది విసిగి వెళ్లిపోయారు, అది కూడా చెప్పాలి. మిగిలినవాళ్ల నుంచే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఏర్పడింది, ఇవాళ దానికి రెండు కోట్లకు పైగా సభ్యులున్నారు.

1954 డిసెంబర్ 21న పెద్ద వరద వస్తుందని షికాగో దగ్గర డొరతీ మార్టిన్ చెప్పింది, ముందే ఎగిరే పళ్లెం వచ్చి తమను ఎక్కించుకుపోతుందని ఆమె బృందం కూర్చుని ఎదురుచూసింది. రాలేదు. తెల్లవారుజామున ఆమెకు ఇంకో సందేశం 'అందింది', మీ వల్లే లోకం బతికిపోయిందని! లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త ఆ బృందంలోకి తన మనుషుల్ని పంపి, చూసింది రాసి ప్రసిద్ధుడయ్యాడు. అలా దొంగచాటుగా చేరినవాళ్లే అక్కడి నమ్మకాన్ని ఎగదోశారని తర్వాత విమర్శలూ వచ్చాయి, నాకవి సబబుగానే అనిపిస్తాయి.

ఇంకో చిన్న ముచ్చట. 1910లో హేలీ తోకచుక్క తోకలో విషవాయువు ఉందని, భూమి అందులోంచి వెళ్తుందని తెలిసి జనం హడలిపోతే, కొందరు విరుగుడు మాత్రలు అమ్ముకున్నారు. మాత్ర వేసుకున్న ప్రతివాడూ బతికాడు, ఇంతకన్నా గ్యారంటీ ఉన్న మందు ఇంకెక్కడుంది!

మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా జనం క్యాలెండర్ 2012లో ముగుస్తోంది, దాంతో లోకమూ ముగుస్తుందన్న గోల ఒకటి. అది బండి మీటరు నిండి మళ్లీ సున్నాలకు తిరగడం లాంటిదే. మాయా శాసనం ఒకటి క్రీస్తుశకం 4772 నాటి తేదీని కూడా ప్రస్తావించింది, అంటే లోకం 2012 తర్వాత ఉండదని వాళ్లు అనుకోలేదన్నమాట.

వైటూకేని మాత్రం ఈ గాటన కట్టకండి. సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసుకున్నారు కాబట్టి 2000 రాగానే కంప్యూటర్లు తికమకపడి ఆగిపోతాయన్నారు, ఏమీ కాలేదుగా అని ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. ఏమీ కాకపోవడానికి పెద్ద కారణం ప్రోగ్రామర్లు ఏళ్లతరబడి కూర్చుని ఆ రెండంకెల సంవత్సరాలన్నీ సరిచేయడం, దానికి వేల కోట్ల డాలర్లు ఖర్చయింది. ఇలా చేస్తే తప్పించుకోవచ్చు అని చెప్పేది హెచ్చరిక. తేదీ ఇచ్చి, ఎదురుచూడటం తప్ప ఇంకేం చేయలేరు అనేది వేరే సరుకు.

ఆ సరుకు అమ్మినవాళ్లలో అందరికీ గుర్తున్నది హెరాల్డ్ క్యాంపింగ్. సివిల్ ఇంజనీరు, సొంత రేడియో. 1994లో ఒకసారి తప్పాడు, మళ్లీ 2011 మే 21న దేవుడి తీర్పు అన్నాడు. ఒకాయన దాచుకున్న డబ్బులోంచి లక్ష డాలర్లకు పైగా ప్రకటనల మీద పెట్టాడు. మే 21 మామూలుగా గడిచింది. క్యాంపింగ్ ఏమన్నాడు? తీర్పు జరిగింది, కంటికి కనిపించకుండా జరిగింది. ఎడ్సన్ మాటే! అసలు అంతం అక్టోబర్ 21న అన్నాడు. విరాళాలు తిరిగిస్తారా అని అడిగితే, ఇంకా అంతం రాలేదుగా, ఎందుకివ్వాలి అన్నట్టు మాట్లాడాడు. అక్టోబర్ కూడా దాటింది.

కానీ 2012 మార్చిలో ఆయన ఇలాంటివాళ్లు దాదాపు చేయని పని చేశాడు. తేదీ చెప్పడమే పాపం, మమ్మల్ని విమర్శించినవాళ్ల మాటే సరైంది, ఇక తేదీల జోలికి పోను అని ఉత్తరం రాశాడు. అప్పటికాయనకు తొంభై ఏళ్లు. ఆ ఉత్తరం లక్ష డాలర్లు పెట్టినాయన చదివాడో లేదో.